సున్నా పడిన మండలాల పేర్లు కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

వాన పడిన మర్నాడు మీ అనంతపురం జిల్లా పేజీలో వచ్చే వార్త నాకు దాదాపు నోటికి వచ్చు. "జిల్లాలో పలుచోట్ల వర్షం. అత్యధికంగా ఫలానా మండలంలో ఇన్ని మిల్లీమీటర్లు, అత్యల్పంగా ఫలానా మండలంలో ఇన్ని మిల్లీమీటర్లు. జిల్లా సగటు ఇంత." మధ్యలో ఇంకో నాలుగైదు మండలాల పేర్లు ఉంటాయి. చుక్క రాలని మండలాల పేర్లు మాత్రం ఏ రోజూ ఉండవు. "అత్యల్పం" అని రాసేది కూడా వాన పడిన మండలాల్లో అత్యల్పమే. దాని కింద సున్నా పడినవి పది ఉండొచ్చు, పదిహేను ఉండొచ్చు. ఆ ఊర్లవాళ్లు కూడా మీ పేపరే కొంటారు. వాళ్ల మండలం పేరు కోసం ఆ పేజీ అంతా వెతికి, కనపడక, మడిచి పక్కన పెడతారు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ సున్నాల కోసం.

నేను కళ్యాణదుర్గం పక్క ఒక మండలాఫీసులో అటెండరుగా పనిచేసి రిటైరయినాను. ఆఫీసు ఆవరణలోని వర్షమాపకం, మేము రెయిన్‌గేజ్ అనేవాళ్లం, దాన్ని చూసే పని చాలా ఏళ్లు నాదే. పండగైనా ఆదివారమైనా పొద్దున 8.30కు దాని దగ్గర ఉండాల్సిందే. ఇప్పుడు ఊర్లోనే ఉంటూ మెట్ట చేను చూసుకుంటున్నాను. అంటే వాన లెక్క రాసినవాణ్ణీ నేనే, ఆ లెక్క కోసం ఎదురుచూసేవాణ్ణీ నేనే. అందుకని ఈ విషయంలో రెండు మాటలు చెప్పే హక్కు నాకు ఉందనుకుంటున్నాను.

రెయిన్‌గేజ్ అంటే చాలామంది పెద్ద యంత్రం అనుకుంటారు. సిమెంటు దిమ్మెలో పాతిన ఒక గుండ్రటి డబ్బా అది. పైన గరాటు, లోపల నీళ్లు చేరే సీసా. గరాటు అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో, ఏ పక్కకూ వాలకుండా ఉండాలి. పక్కన చెట్టు గానీ గోడ గానీ ఉంటే, దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో డబ్బా ఉండాలి. పొద్దున గరాటు తీసి, సీసాలో నీళ్లను గీతల గ్లాసులో పోసి, గ్లాసును కంటికి సమానంగా పట్టుకుని చూడాలి. గాజు అంచుల దగ్గర నీళ్లు కాస్త పైకి పాకి, నడుమ కిందికి దిగినట్టు కనపడతాయి. ఆ దిగిన చోట ఏ గీత ఉందో అదే రాయాలి, అంచు చూసి రాస్తే ఎక్కువ పడుతుంది. పెద్ద వాన అయితే ఒక గ్లాసు చాలదు. పోసి, రాసుకుని, పారబోసి, మళ్లీ పోసి కూడుకోవాలి. గరాటు రంధ్రంలో వేపాకో పిట్ట ఈకో ఇరుక్కుంటే నీళ్లు లోపలికి దిగవు, ఆ రోజు లెక్క తప్పు. అందుకే వాన వచ్చేటట్టు ఉందంటే సాయంత్రం ఇంటికి పోయే ముందు ఒకసారి గరాటు తుడిచి పోయేవాణ్ణి.

ఇంకో సంగతి. ఈ రోజు పొద్దున 8.30 నుంచి రేపు పొద్దున 8.30 వరకు పడిన వాన అంతా రేపటి తేదీ కిందే నమోదవుతుంది. సోమవారం సాయంత్రం 5 గంటలకు దంచి కొట్టిన వాన రికార్డులో మంగళవారం వాన. పేపర్లో మాత్రం ఒక రోజు "సోమవారం కురిసిన వర్షం" అని, ఇంకో రోజు "మంగళవారం నమోదైన వర్షం" అని వస్తుంది. చదివేవాళ్లు రెండు వానలనుకుంటారు. "24 గంటల లెక్క, మంగళవారం ఉదయం 8.30 వరకు" అని ఒక్క లైను వేస్తే ఈ గందరగోళం ఉండదు.

ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. ఎకరా అంటే నాలుగు వేల చదరపు మీటర్ల పైచిలుకు. 20 మిల్లీమీటర్లు పడితే ఎకరాకు దాదాపు 80 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. పక్క ఊరికి పదహారు ట్యాంకర్లు పడి మా ఊరికి ఒక్కటీ పడకపోతే, ఇద్దరికీ కలిపి ఎనిమిదేసి అని పేపర్లో రాసినందువల్ల మా చేను తడవదు కదా. జిల్లా సగటు చేసే పని సరిగ్గా అదే.

అనంతపురం గురించి ఎవరు ఏ వ్యాసం రాసినా మొదటి వాక్యం ఒకటే, జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని. ఉమ్మడి జిల్లా ఏడాది సగటు 552 మిల్లీమీటర్లు అన్న అంకె కూడా అందరి నోటా ఉంది. పక్కన పాత కడప జిల్లాకు సుమారు 700, పాత చిత్తూరుకు సుమారు 930. జైసల్మేర్ మాట అంత నిజం కాదు, రాజస్థాన్‌లోనే బార్మర్, బికనేర్ లాంటి జిల్లాల్లో మాకన్నా తక్కువ పడుతుంది. మిగతా అంకెలు నిజమే. కానీ మమ్మల్ని ముంచేది 552 అన్న అంకె కాదు. అదే వాన సమయానికి, విడతలు విడతలుగా పడితే చెనక్కాయ (వేరుశనగ) పండుతుంది, కంది పండుతుంది, మేత కూడా మిగులుతుంది. ఎప్పుడు పడింది, ఎన్ని రోజులు ఎడం ఇచ్చింది, ఏ ఊర్లో పడింది అన్నదే మాకు ముఖ్యం. ఈ మూడూ పేపర్లో రావు.

మా వానల తీరు ఒకసారి చూడండి. జూన్‌లో నైరుతి గాలి పడమటి కనుమలు ఎక్కేటప్పుడే తడి అంతా అటు పక్కే కురిసిపోతుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. అదే గాలి కనుమలు దిగి మా దగ్గరికి వచ్చేసరికి పొడిగా, వేగంగా ఉంటుంది. ఉరవకొండ, వజ్రకరూరు, రామగిరి పక్క గుట్టల మీద గాలిమరలు ఆడేది ఈ గాలికే. ఉమ్మడి జిల్లాకు జూన్‌లో 64, జులైలో 67, ఆగస్టులో 89 మిల్లీమీటర్లు సగటు. సెప్టెంబర్‌కు వచ్చేసరికి 118, అక్టోబర్‌లో 110. అంటే ముంగారు (తొలకరి) మొదలైన మూడు నెలలూ మాకు చాలీచాలని వానే, అసలు వాన అంతా చివర్లోనే. ఈశాన్య రుతుపవనం కూడా తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. రెండు రుతుపవనాలకూ మేము కొసన ఉన్నవాళ్లం.

జులై, ఆగస్టుల్లో పొద్దున లేస్తే ఆకాశమంతా మబ్బే. ఎండ ఉండదు, టౌన్లో జనానికి హాయిగా ఉంటుంది. పేపర్లో కూడా "చల్లబడిన వాతావరణం" అని ఫొటో వేస్తారు. చేన్లో నిలబడి చూస్తే సంగతి వేరు. మబ్బు తూర్పుకు పరుగెత్తుతూనే ఉంటుంది, గాలి చెవుల్లో రొద పెడుతూ ఉంటుంది, మధ్యలో ఒక తుంపర రాలి చొక్కా కూడా తడపకుండా పోతుంది. ఆ తుంపరకు రెయిన్‌గేజ్‌లో 0.6, 0.8, 1.2 అని వచ్చేది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో కనీసం 2.5 మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వర్షపు రోజు అంటారు. అది న్యాయమైన లెక్క. ఆ 0.8 మట్టి పైపొరను కూడా దాటదు, గాలికి గంటలో ఆరిపోతుంది. కానీ ఇలాంటివి పది కలిపితే నెల మొత్తంలో 8 మిల్లీమీటర్లు చేరతాయి. లెక్కలో వాన ఉంటుంది, నేలలో పదను (విత్తడానికి, పంటకు సరిపడే తడి) ఉండదు.

సెప్టెంబర్‌లో ఇంకో రకం. మధ్యాహ్నం ఉక్కపోత, మూడు దాటితే ఒక పక్క కారుమబ్బు లేవడం, సాయంత్రం ఉరుములు, రాత్రికి వాన. అది ఊరూరికీ మారిపోతుంది. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవనట్టు కురుస్తుంది. ఒక ఊరి చెరువు అలుగు దాకా వస్తుంది, రెండు మైళ్ల అవతల దుమ్ము లేస్తుంటుంది. పిడుగులు ఎక్కువ పడేది కూడా ఈ వానల్లోనే, గొర్రెల కాపరులు చచ్చిపోయేది ఈ రోజుల్లోనే. దామిని అనే మొబైల్ యాప్ పిడుగు ప్రమాదాన్ని ముందే చెబుతుంది. దాని గురించి మీరు అప్పుడప్పుడు వేస్తున్నారు, మంచిదే.

పంట సంగతి చెప్తే నా బాధ మీకు అర్థమవుతుంది. మా ఎర్రనేలల్లో విత్తాలంటే ఒకేసారి 20 మిల్లీమీటర్ల పైన పడాలి, అప్పుడే గొర్రు దిగే పదను వస్తుంది. జులై రెండో వారంలో విత్తినామనుకోండి. నెల లోపే పూత వస్తుంది. 40, 45 రోజులకు, అంటే ఆగస్టు ఆఖరుకు ఊడలు దిగాలి. చెనక్కాయ పువ్వు పైన పూసినా కాయ నేలలోనే కాస్తుంది. పువ్వు నుంచి సన్నటి ఊడ వంగి మట్టిలోకి గుచ్చుకోవాలి. మట్టి మెత్తగా ఉంటేనే గుచ్చుకుంటుంది. ఆ పది పదిహేను రోజులు వాన లేక బెట్ట పట్టి నేల గట్టిపడితే ఊడ పైనే ఎండి నల్లబడుతుంది. ఆ వయసు చెట్టును పీకి చూస్తే పైన పచ్చగా, నిండుగానే కనపడుతుంది. ఆకులు పక్కకు తీస్తేనే తెలుస్తుంది, సూదుల్లాంటి ఊడలు నేలకు అంగుళం పైన ఆగిపోయి ఉంటాయి. సెప్టెంబర్‌లో ఎంత వాన పడినా ఎండిపోయిన ఊడలో కాయ ఊరదు. కొత్త ఊడలు దిగినా అవి పీకే నాటికి గింజ లేని లొట్టలే.

అక్కడితో అయిపోదు. పంట పీకే అక్టోబర్‌లో బంగాళాఖాతంలో అల్పపీడనం వచ్చి రెండు మూడు రోజులు ముసురు పట్టిందంటే, మా దగ్గర వేసే గుత్తి రకం కాయకు నిద్రావస్థ, అంటే కొన్నాళ్లు మొలకెత్తకుండా ఆగే గుణం, లేదు కాబట్టి, నేలలోనే మొలక వస్తుంది. పీకి ఓదెలు (కుప్పలు) వేసిన చెనక్కాయ కట్టె, అంటే మేతకు వాడే చెట్టు, నల్లబడి పశువులు కూడా ముట్టవు. ఈ రైతుకు ఏడాది చివర్లో వాన లెక్క చూపిస్తే "సాధారణం" అని ఉంటుంది. ఆగస్టులో పడని వానను, అక్టోబర్‌లో పడకూడని వానను కలిపి భాగిస్తే వచ్చే సాధారణం అది.

ఇది నా ఒక్కడి మాట కాదు. 2023 చూడండి. దేశం మొత్తం మీద ఆ ఏడాది ఆగస్టు 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టు, 36 శాతం లోటు. జులైలో, సెప్టెంబర్‌లో 13 శాతం చొప్పున ఎక్కువ పడింది. నాలుగు నెలలు కలిపితే లోటు 6 శాతం లోపే. మొత్తం అంకె ఒక్కటే చూసేవాడికి ఆ ఆగస్టు కనపడదు. 2009లో దేశమంతా వర్షాభావం, నైరుతి సీజన్లో 22 శాతం లోటు. ఆ సీజను ముగుస్తూ ఉండగానే, అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబర్ 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. 2022 అక్టోబర్‌లో అనంతపురంలోనే నడిమివంక పొంగి కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. భూమి వేడెక్కేకొద్దీ గాలి ఎక్కువ తడి పట్టుకుంటుంది, అందువల్ల పడినప్పుడు ఎక్కువ పడి, మధ్యలో ఎడం పెరుగుతుందని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. అలాంటి కాలంలో సగటు అంకె మునుపటికన్నా ఇంకా పనికిరాకుండా పోతుంది.

సర్వీసులో ఉండగా నేను కళ్లారా చూసినది ఒకటి చెప్తాను. మా జిల్లాలో కొన్నేళ్లు వేరుశనగకు వాతావరణ ఆధారిత బీమా ఉండేది. చేన్లో పంట ఎంత వచ్చిందని చూడరు, మండలం రెయిన్‌గేజ్‌లో ఎన్ని రోజులు వాన లేదో చూసి పరిహారం కడతారు. ఒక ఏడాది ఊడలు దిగే రోజుల్లో మా పక్క ఊర్లు మూడు వారాలకు పైగా ఎండినాయి. మధ్యలో ఒక సాయంత్రం మండల కేంద్రంలో మాత్రం మంచి వాన. మర్నాడు గ్లాసులో ఎంత కనపడిందో అంత రాసినాను, అది నా ధర్మం. ఆ ఒక్క అంకెతో మండలమంతటికీ బెట్ట తెగిపోయినట్టు లెక్క. డబ్బులు రాలేదు. మా పెద్దమ్మ కోడలు ఒకామె ఆఫీసు దాకా వచ్చి అడిగింది, "ఏమన్నా, మండలానికి వానొచ్చిందని రాసినారంటనే, మా చేన్లో యాడ పడిందో వచ్చి చూపించు" అని. ఆమెకు నేను ఏం చెప్పేది?

ఇంకో ఏడాది ఆఫీసు ఆవరణలో వేపచెట్టు కొమ్మలు రెయిన్‌గేజ్ మీదికి సాగినాయి. వాన తగ్గిన తర్వాత కూడా కొమ్మల నుంచి నీళ్లు గరాటులో కారతాయి, లేదంటే అసలు వానే అడ్డం పడి గరాటులోకి రాదు. కొమ్మలు కొట్టించండి, లేదా డబ్బా మార్చండి అని పైవాళ్లకు చెప్పినాను, కాగితం కూడా పెట్టినాను. ఆ సీజనంతా ఎవరూ పట్టించుకోలేదు. నేను ఇక్కడ ఎవరి పేరూ చెప్పడం లేదు. ఆ అంకె రోజూ పేపర్లో పడి ఉంటే, పక్క మండలాలతో పోల్చి చూసి జనమే అడిగేవాళ్లు. ఎవరూ చూడని అంకెకు కాపలా ఉండదు. ఇప్పుడు చాలా చోట్ల ఆటోమేటిక్ కేంద్రాలు వచ్చినాయి, గంట గంటకూ లెక్క పైకి పోతుంది. అయినా సెన్సర్ మీద దుమ్ము పేరుకుంటుంది, పిట్ట గూడు పెడుతుంది. వాటికీ జనం కళ్లు కావాలి.

"మండలాల వారీగా వేయడానికి స్థలం ఎక్కడుంది" అని మీరు అడగొచ్చు. ఎండాకాలం వస్తే మీరే వేస్తున్నారు కదండీ. రేపు ఏయే మండలాల్లో తీవ్ర వడగాల్పులు, ఏయే మండలాల్లో వడగాల్పులు అని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే జాబితాను పేర్లతో సహా అచ్చు వేస్తున్నారు. దానివల్ల మేలు జరుగుతోంది, మా ఊర్లో ఉపాధి పనికి పోయేవాళ్లు అది చూసుకుని తెల్లారకముందే పోయి పది లోపు తిరిగొస్తున్నారు. ఎండ మండలం లెక్కన అచ్చవుతున్నప్పుడు వాన ఎందుకు కాకూడదు? శ్రీశైలం 885 అడుగులకు ఎంత ఉంది, తుంగభద్ర 1633 అడుగులకు ఎంత ఉంది, ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత అని సీజనంతా వేస్తారు. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలవ) కింద, హంద్రీ-నీవా కాలవ కింద ఉన్నవాళ్లకు అది అవసరమే. మా జిల్లాలో కాలవ నీళ్లు పారని చేన్లే ఎక్కువ. ఆ చేన్లకు మబ్బే డ్యాము. ఆ డ్యాములోకి ఎంత వచ్చిందో కూడా వేయండి అంటున్నాను.

వాతావరణ సూచన గురించి కూడా ఒక మాట. "రాయలసీమలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు" అన్న వాక్యం వానాకాలమంతా దాదాపు రోజూ వస్తుంది. వాతావరణ శాఖ ఈ మాటలు ఊరికే వాడదు, ప్రతి మాటకూ కొలత ఉంది. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని. తేలికపాటి అంటే 15.5 మిల్లీమీటర్ల వరకు. మోస్తరు అంటే 15.6 నుంచి 64.4 వరకు. 16 పడితే మాకు గొర్రు కట్టాలా వద్దా అని అనుమానం, 60 పడితే గట్లు తెగుతాయి, రెండూ మోస్తరే. పైగా రాయలసీమ అంటే తిరుపతి కొండల నుంచి ఆదోని నల్లరేగళ్ల దాకా అంతా ఒకే ఉపవిభాగం. చిత్తూరు పక్క నవంబర్‌లో తడిసి ముద్దయ్యేటప్పుడు మా బొమ్మనహాల్, కణేకల్లు పక్క హగరి ఏటి ఒడ్డున ఇసుక లేస్తుంటుంది. సీజన్ మొదట్లో ఒక్కసారైనా ఈ కొలతలు ఒక పెట్టెలో వేసి, తర్వాత వారానికోసారి గుర్తు చేస్తే చదివేవాళ్లు ఆశపడేది ఎంత, ఆగాల్సింది ఎంత అని తేల్చుకుంటారు. మంగళవారం, శుక్రవారం జిల్లాకు విడిగా వ్యవసాయ వాతావరణ సలహా కూడా వస్తుంది. అందులో రాబోయే ఐదు రోజుల వాన, గాలి, తేమ, ఏ పంటకు ఏం చేయాలో అన్నీ ఉంటాయి. ఫోన్లో మేఘదూత్ యాప్‌లో చూడొచ్చు గానీ, మా ఊర్లో అరవై దాటినవాళ్లు ఇంకా పేపరే నమ్ముతారు. ఆ సలహాను బుధ, శనివారాల్లో పూర్తిగా వేస్తే బాగుంటుంది.

కరువు మండలాల ప్రకటన వచ్చినప్పుడు జరిగే గొడవ మీకు తెలియనిది కాదు. మా మండలం ఎందుకు లేదు, పక్క మండలం ఎందుకు ఉంది అని ధర్నాలు. 2016లో కేంద్రం మార్చిన కరువు మార్గదర్శకాల ప్రకారం వాన లోటు లేదా బెట్ట పట్టిన వారాలు, దాంతో పాటు నేలలో తేమ, పంట వేసిన విస్తీర్ణం లాంటివన్నీ చూస్తారు. బెట్ట ఏ తేదీన మొదలై ఏ తేదీన తెగిందో రోజూ అందరి కళ్ల ముందు అచ్చవుతూ ఉంటే, ధర్నా చేసేవాళ్ల చేతిలోనూ అధికారుల చేతిలోనూ ఒకే కాగితం ఉంటుంది. ఇప్పుడు వాళ్లకొక లెక్క, మాకొక లెక్క. ఆలస్యమైతే ఏం విత్తాలో నిర్ణయించుకోవడానికి కూడా ఆ తేదీలే ఆధారం. ఆగస్టు మొదటి వారం దాటినా పదను రాకపోతే చెనక్కాయ మానుకుని ఉలవలు, కొర్రలు, అలసందల వైపు పోవాలి. మా పెద్దలు ఆ పని కార్తెలతో చేసేవాళ్లు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారు, సెప్టెంబర్ మధ్యలో వచ్చే ఉత్తర కార్తె కూడా ఎండితే ఇక ఊర్లో పని లేదు, గంప నెత్తిన పెట్టుకుని వలస పొమ్మని. ఇప్పుడు బెంగుళూరు బస్సు ఎక్కుతున్నారు. ఎక్కే ముందైనా తమ మండలంలో వాన ఎన్నాళ్లుగా లేదో పేపర్లో అచ్చయి ఉండాలని నా కోరిక.

నేను అడిగేది చిన్న పెట్టె. జూన్ 1 నుంచి నవంబర్ ఆఖరు దాకా, జిల్లా పేజీలో ఒక మూల. జిల్లా విడిపోయిన తర్వాత ఇప్పుడు మన దగ్గర ముప్పైకి పైగా మండలాలు, ఒక్కో మండలానికి ఒక్క వరుస. పేరు, గత 24 గంటల వాన, జూన్ 1 నుంచి మొత్తం, ఇప్పటికి పడాల్సింది ఎంత, చివరి వర్షపు రోజు తర్వాత ఎన్ని రోజులు గడిచాయి. ఆ ఆఖరి గడి అన్నిటికన్నా ముఖ్యం. అది 15 దాటితే ఆ వరుసను నల్లటి అక్షరాల్లో వేయండి. చదువు అంతగా రానివాళ్లు కూడా తమ మండలం పేరు, ఆ అంకె గుర్తుపడతారు. శ్రీ సత్యసాయి, కర్నూలు, నంద్యాల, కడప పేజీల్లోనూ ఇదే వేయొచ్చు. మీ విలేకర్లు మండలానికొకరు ఉన్నారు, లెక్క రోజూ పొద్దున జిల్లా కేంద్రానికి చేరుతూనే ఉంది. కొత్తగా కొలవాల్సింది ఏమీ లేదు.

ఒక్క విషయంలో జాగ్రత్త తీసుకోండి. వాన పడకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయకండి, గీత కూడా పెట్టకండి, 0.0 అని వేయండి. లెక్క అందకపోతే "అందలేదు" అని వేయండి. కొలిచినా ఏమీ లేకపోవడం వేరు, అసలు కొలవకపోవడం వేరు. మేము రిజిస్టర్‌లో ఆ రెండూ ఎప్పుడూ కలిపేవాళ్లం కాదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అటెండరు, మెట్ట రైతు,
కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా